అమ్మ చేతిని చూసి చేసిన మిషన్

మా బాపు భుజం విరిగి కుడిచెయ్యి లేవకుండ అయినంక మా ఇంట్ల పట్టు చక్రం ఆగింది. అమ్మ ఉడుకు నీళ్లల్ల పట్టుగూళ్లేసి పోగులు అందుకునేది, బాపు పక్కన కూసోని చక్రం తిప్పేటోడు. ఎడమచేత్తో తిప్పి చూసిండు, కుదరలే. నేను తిప్పుతానంటే అమ్మ వద్దన్నది, నేను తిప్పితే దారం తెగుతదట. నిజమే, నాకు ఓపిక తక్కువ. ఇగ దారం తీసుడు బంద్, గూళ్లే అమ్ముకుందామని అమ్మ అన్నప్పుడల్ల బాపు గోడ దిక్కు మల్లి పండుకునేటోడు.

మెదక్‌ల చర్చి రోడ్డు మీద కుట్టుమిషన్లు బాగుచేసే చాచా ఉన్నడు, బాపు దోస్తు. పలకరించనీకొచ్చి సంగతి విన్నడు. భాభీ, అంటే మా అమ్మ, ఒక్కతే కాలితో తొక్కుకుంట దారం తీసేటట్టు మిషన్ చేస్తనన్నడు. నేను కిసుక్కుమన్న. నా నోరు మంచిది కాదు, ఇప్పుడు ఒప్పుకుంట.

పాత కుట్టుమిషన్ స్టాండు, సైకిల్ చక్రం, దారం దూరి పోనీకి చిన్న రింగు, అన్నీ కలిపి మిషన్ బిగించిండు. తొక్కితే మస్తు తిరిగింది. కానీ దారమంతా ఒక్క తాన్నే పడి, గూళ్ల బంక ఆరి, కట్టె లెక్క అతుక్కపోయింది. చాచా మొకం చూడలేకపోయిన.

రెండ్రోజులకు మళ్ల వచ్చిండు. పాత చక్రం తానే తిప్పుకుంట అమ్మను దారం తియ్యమన్నడు. ఆయన కండ్లు అమ్మ చేతి మీదనే ఉన్నయి. పోగు పట్టుకున్న చెయ్యి కుడికీ ఎడమకూ మెల్లగ పోయి వస్తున్నది, దారం మీద దారం పడకుండ. ఇన్నేండ్లు చేసిన అమ్మకే ఆ ముచ్చట తెల్వదు.

"ఆగుండ్రి భాభీ, దొరికింది," అన్నడు.

రింగును ఒక కడ్డీకి బిగించి, తొక్కినకొద్దీ అటూ ఇటూ ఊగేటట్టు చేసిండు. గంతే. ఆ కడ్డీని చూస్తే ఇప్పటికీ దండం పెట్టబుద్ధైతది. మొట్టమొదలు పట్టు మిషన్ చేసినోళ్లు గూడ గిట్లనే ఎవరో ఆడమనిషి చేతిని చూసే ఉంటరు.

ఈసారి దారం విడివిడిగ దిగింది. అమ్మ కొంచెంసేపు ఒక్కతే తొక్కింది. మురుస్తదనుకున్న. కాలు తీసి, బాపు దిక్కు మల్లింది.

"రాండ్రి, ఈడ కూసోండ్రి. చెయ్యి లేవకపోతేంది, కాళ్లున్నయి గదా."

ఒక్కరికని చేసిన మిషన్. చాచా పోయి స్టూలు తెచ్చి ముందల వేసిండు. బాపు తొక్కబట్టిండు, అమ్మ నీళ్లల్ల చెయ్యి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. దారం తెగలే.