గట్టు పక్కన మంద

నాయనను మా చేలో, గట్టు పక్కనే మట్టి చేసి నెల దాటింది. ఇంట్లో కూర్చోలేక ఆయన బండి తీసుకుని మార్కాపురం నుంచి గిద్దలూరు వైపు బయలుదేరాను. అక్కడ నాకు పనేమీ లేదు. వానలకు బీళ్లన్నీ పచ్చబడ్డాయి, వాటి వెనక నల్లమల నీలంగా ఉంది. బాగుందని తెలుస్తోంది గానీ నాకేమీ అనిపించలేదు.

కంభం దాటాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డమొచ్చింది. హారన్ కొడితే గొర్రెపిల్లలు బెదురుతాయని నాయన ఎప్పుడూ ఇంజన్ ఆపేసేవాడు. నేనూ ఆపేశాను. మంద వెనక వస్తున్నది, ఏటా ఎరువు కోసం మా చేలో రాత్రిళ్లు మంద కట్టే కాపరే. బండిని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఏం అల్లుడా, మీ నాయన రాలేదేంది? బుధవారం మంద తోలుకొస్తానని చెప్పు. గట్టు పక్క నేల చౌడు బారింది, ఈసారి అక్కడ కట్టమన్నాడు."

"గట్టు పక్క వద్దులే మామా."

"ఏం, అక్కడేముంది?"

"నాయన ఉండాడు. పోయిన నెల చనిపోయినాడు."

కాపరి కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. చివరి గొర్రె కూడా రోడ్డు దాటింది.

"అయితే అక్కడే కడతా," అన్నాడు. "నోరు తెరిచి అడిగినాడు గదా."