దారం లేని పూసల పెట్టె

అహోబిలంలో కమలిని చేయి పడని పూలమాల లేదు. స్వామికి మాలలు కట్టే ఇంట్లో పుట్టింది, ఆ పనిలోనే తల నెరిసింది. దేవుడికని కోసిన పువ్వును ఆమె ఎన్నడూ వాసన చూసి ఎరగదు. ఊపిరి తగులుతుందేమోనని ముఖం కాస్త పక్కకు తిప్పుకుని కడుతుంది. ముందు ఆయన, తర్వాతే మనుషులు.

అలాంటి కమలినికి ఒకటే దిగులు. నంద్యాలలో ఉండే మేనకోడలు విష్ణుప్రియ కూతురు ప్రసన్న ఆమె ఒళ్ళోకి రాదు. మాల పని వదిలి ఎప్పుడో గానీ పోదు కాబట్టి ఆ బిడ్డకు ఆమె ముఖం గుర్తుండదు. చూడగానే తల్లి కొంగు వెనక్కి పరుగు. ఇప్పుడు మూడో పుట్టినరోజు. పిల్ల తనంతట తాను దగ్గరికొచ్చే వస్తువేదైనా తీసుకుపోవాలనుకుంది. పొద్దున మాల గుడిలో ఇచ్చేసి, పూలు కట్టగా మిగిలిన అరటినారను తడిగుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. నార లేకుండా గడప దాటడం ఆమెకు చేతకాదు.

ఆళ్లగడ్డలో బస్సు మారాలి. దారి పక్కన శిల్పుల ఉలుల చప్పుడు, నిద్రలో ఎవరో మువ్వలు కదిపినట్టు వినబడుతోంది. సగం చెక్కిన దేవుళ్ళు రాతిపొడి కప్పుకుని, ఇంకా కళ్ళు తెరవని పసివాళ్ళలా పడుకుని ఉన్నారు. నంద్యాల బస్సులో ఎవరో ఒకామె, అడగకుండానే జరిగి కిటికీ పక్క చోటిచ్చింది. శనగచేలు వెనక్కి పారుతుంటే కమలినికి కునుకు పట్టింది. ఆ కునుకులో ప్రసన్న చామంతి రేకులా తేలుతూ వచ్చి ఒళ్ళో వాలింది. "అమ్మా, నంద్యాల" అని కండక్టరు మెల్లగా పిలిచేదాకా ఆ బరువు ఒళ్ళోనే ఉంది.

బస్సు దిగి ఆమె నేరుగా పోయిన బొమ్మల అంగడి మత్తయిది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మూడేళ్ళ పాపకని విని ఒక బొమ్మ ముందు పెట్టాడు.

"నొక్కితే ఏబీసీడీలు అదే చెప్తాది పెద్దమ్మా. పాట గూడా పాడతాది."

"అన్నీ అదే చెప్తే ఇంక పిల్లేం చెప్తాది నాయనా?"

"నువ్వు కొనేదానికి వచ్చినావా, నా అంగడి మూయించేదానికా?" మత్తయి నవ్వాడు.

ఆమె ముక్కలు అతికించే పులిబొమ్మను చూపించింది.

"అది ఐదేండ్ల పిల్లోల్లకు. ఇప్పుడిస్తే పిల్లా ఏడుస్తాది, నువ్వూ ఏడుస్తావ్. ఇంతకీ ఇంట్లో దేంతో ఆడుకుంటాది?"

"తెలీదప్పా" అంది కమలిని.

మత్తయి ఈసారి నవ్వలేదు. పైఅర నుంచి ఒక పెట్టె దించాడు. "దారానికెక్కించే కొయ్యపూసలు. ఉసిరికాయంత ఉంటాయి, మింగుతారని భయం లేదు. వేళ్ళు కుదురుతాయి, రంగులు తెలుస్తాయి."

కమలిని వేళ్ళు ఆ పెట్టె మీదే ఆగిపోయాయి.

"మూత తీస్తా ఉండు. అన్నీ ఉండాయో లేదో చూసుకో."

"వద్దొద్దు. ముందు బిడ్డ చెయ్యే పడాల. మనం తాకినాక ఇస్తే ఏం బాగుంటాది?"

నంద్యాల ఇంట్లో ప్రసన్న ఎప్పటిలాగే కొంగు వెనక్కి చేరింది. విష్ణుప్రియ పెట్టె తెరిచింది. పూసలున్నాయి. దారం లేదు.

"ఏందత్తా, అంగట్లో తీపిచ్చి చూసుకోలేదా?"

"లేదే."

"సరిపోయింది. దేవునికి తెచ్చినట్టే తెచ్చినావు." నవ్వుతూనే దారం వెతకడానికి లోపలికి పోయింది. ప్రసన్న తల్లి వెంట పరుగెత్తింది.

కమలిని నేల మీద ఒంటరిగా కూర్చుంది. తనకే తెలియకుండా చెయ్యి సంచిలోకి పోయింది. తడినార తీసి పేనింది, కొస గట్టిపడింది. ఎర్రపూస ఒకటి ఎక్కించింది. ఎవరినీ పిలవలేదు. గుడి మండపంలో కూర్చున్నట్టే తలవంచుకుని కడుతోంది.

కాసేపటికి ఆమె అరచేతిలో ఒక పచ్చపూస పడింది.

"ఇది."

తర్వాత నీలం. తర్వాత, నార కొస అందక, ప్రసన్న ఒళ్ళోకెక్కి కూర్చుంది. కునుకులో తెలిసిన బరువే. కదిలితే లేచిపోతుందేమోనని కమలిని ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంది.

పిల్ల ప్రతి పూసనూ ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. ఏళ్ళ అలవాటు, వద్దని ఆపడానికి కమలిని చెయ్యి లేచింది. సగంలోనే ఆగింది. ప్రసన్న ఆ పూసను ఆమె ముక్కుకు కూడా ఆనించింది. కొత్త కొయ్య వాసన.

"దారం దొరికిందత్తా" అంటూ వచ్చిన విష్ణుప్రియ గడపలోనే నిలబడిపోయింది.

"ఆడనే పెట్టు" అంది కమలిని, ముఖం పక్కకు తిప్పుకోకుండా.