బావిగట్టు మీది చెప్పులు

ఎనభైల మొదట్లో మహబూబాబాద్‌లోని ఒక దవాఖానలో, మనసు బాగాలేనివాళ్లకు కౌన్సెలింగ్ చేసే పని నేర్చుకుంటున్నాను. మూడు నెలలుగా ప్రతి బుధవారం వచ్చే లచ్చమ్మ ఆ వారం రాలేదు. కోలుకుంటున్న మనిషే. అయినా మొదటి రోజు “బతకబుద్ధి అయితలేదు బిడ్డా” అని ఏడ్చిన మాటే చెవుల్లో మోగింది. బస్సెక్కి కురవి దగ్గరున్న ఆమె పొలానికి పరుగెత్తాను. బావిగట్టు మీద చెప్పులున్నాయి, మనిషి లేదు. బావిలోకి వంగి గొంతు చించుకుని పిలిచాను.

“ఏంది బిడ్డా, గట్ల ఒర్రుతున్నవ్?” వెనక మడిలోంచి నారుకట్టతో లేచింది లచ్చమ్మ. “వాన పడ్డదని నాట్లేస్తున్నం.”

మర్నాడు, నాకు పని నేర్పే సుగుణక్కకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. “ఒక్క వారం రాకపోతేనే గింత భయమా? నిన్ను ఎవలు ఇడిసిపెట్టి పోయిండ్రు?” అంది.

నా ఆరో ఏట కాన్పుకని దవాఖానకు పోయి తిరిగిరాని మా అమ్మ గురించి, ఆ రోజే మొదటిసారి నోరు విప్పాను.