విప్పని ముడుపులు

నా చిన్నప్పుడు సిద్దిపేట నుంచి ఒంటరిగా దూరదేశాలు తిరిగిన ఆడమనిషి మా మేనత్త ఒక్కతే. చిన్న వయసులోనే ఆమె భర్త పోయాడు. అటువంటి మనిషి యాత్రకు పోతానంటే ఎవరూ ఆపరు. ఆ సందు చూసుకునే ఆమె రామేశ్వరం, ద్వారక చూసి వచ్చింది. వచ్చాక హైదరాబాదు పత్రికకు రాసేది. ఆ రాతల్లో దేవుడికి రెండు వాక్యాలు, దారికి నాలుగు పేజీలు.

"అక్కా, నువ్వు పోయింది పుణ్యానికా, తిరుగుడు పెత్తనాలకా?" అని మా బాపు నవ్వేవాడు.

"పుణ్యం నువ్వు తీస్కో, పెత్తనాలు నాకిడువు" అనేది.

చివరిసారి బదరికి బయలుదేరినప్పుడు మా వాడకట్టంతా ముడుపులు కట్టి ఇచ్చింది. పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, మనసులో ఒక కోరిక. గుడి దగ్గర విప్పి దేవుడి ముందు పోయాలి. పక్కింట్లో మగ్గం నేసే పెద్దమ్మ, బొంబాయి మిల్లుకు పోయి జాడలేని కొడుకు రావాలని కట్టింది.

నెలల తర్వాత అత్తమ్మను ఎడ్లబండి మీద తెచ్చారు. తిరుగుదారిలో రైల్లో పక్షవాతం వచ్చిందట. మాట పోయింది, కుడిపక్క పడిపోయింది. జనం మాత్రం బదరి తొక్కిన పాదాలని మొక్కడానికి వచ్చారు. ఎవరు వంగినా ఆమె ఎడమకాలు గుంజుకునేది. "ఎంత అణకువనో సూడు" అనుకునేవారు.

ఒకరోజు ఎడమచేత్తో నాకు సంచి చూపించింది. లోపల ముడుపులన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. "అత్తమ్మా, గుడిదాంక పోలేదా?" అంటే తల అడ్డంగా ఊపింది. మంచు ఆపిందా, ఒళ్ళే ఆపిందా అని అడిగితే కళ్ళు మూసుకుంది.

బాపుకు చూపించాను. లేచి తలుపు దగ్గరకు వేశాడు. "సప్పుడు జెయ్యకు బిడ్డా. గంత ఆశతోని ఉన్నోళ్ళకు ఎట్ల చెప్తం?" అన్నాడు. తానే ముడులు విప్పి, బియ్యం కలిపి, బెల్లం వేసి వండించి, బదరి ప్రసాదమని అందరికీ పంచాడు.

పెద్దమ్మ కళ్ళకద్దుకుంది. "ఇగ నా కొడుకొస్తడు" అని అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. అత్తమ్మ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, మాట కాలేదు. ఉండబట్టలేక, "అత్తమ్మ గుడికి పోనేలేదు" అన్నాను. "చిన్నపోరివి, నీకేం ఎరుక?" అంటూ పెద్దమ్మ ప్రసాదం ముద్ద నా నోట్లోనే పెట్టింది. అత్తమ్మ నన్నే చూస్తూ ఉంది.

ఆ చలికాలంలోనే అత్తమ్మ పోయింది. కొడుకు రాలేదు. పెద్దమ్మ ఎవరినీ తప్పుపట్టలేదు. తన ముడుపులోనే ఏదో లోపముందని ఏడ్చేది. నేను కాదన్నా వినలేదు. బాపు చేసింది తప్పని గట్టిగా అనలేను, ఒప్పని ఏనాడూ అనుకోలేదు.

ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన డైరీ ఇంకా రాస్తున్నాను. ఎక్కడికైనా బయలుదేరి చేరలేకపోతే, ఎక్కడ వెనక్కి మళ్ళానో ఆ పూటే రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను, నా మాట నా నోట్లో ఉండగానే.