చైను మార్చిన చెయ్యి

వెలిబోర్‌కి కడుపు మండిపోతోంది. బ్లాగోయె ఇంటి పండగనాడు ఇంటాయన పక్క కుర్చీ ఎన్నేళ్ళుగానో తనది. ఈసారి అందులో సినిషా కూర్చున్నాడు. ఆస్ట్రియాలో పనిచేసొచ్చి, తన షెడ్డుకు ఎదురుగానే మెకానిక్ షెడ్డు తెరిచిన సినిషా! గోళ్ళల్లో గ్రీజు మరకన్నది లేదు. మెకానిక్ అంటే నమ్మేదెట్లా?

పండగ ఆ ఇంటిని కాచే మిఖాయిల్ దేవదూతది. దానికి ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలవని పేరంటానికి ఏటా వెళ్ళడమే అక్కడ మర్యాద. కనక రాక తప్పలేదు.

అసలు కుళ్ళంతా బ్లాగోయె ట్రక్కు దగ్గర మొదలైంది. లెస్కోవాట్స్ సంతకు మిరపకాయలు తోలే ముసలి బండి. దాని ఇంజిన్ లోపల తిరిగే టైమింగ్ చైను సాగిపోయి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గలగలమనేది. వెలిబోర్ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి విని, "ఆయిల్ టైముకి మార్చు బావా, ఇంకో ఏడాది లాగుద్ది" అనేవాడు. ఏటా అదే మాట. విసిగిపోయిన బ్లాగోయె బండిని సినిషాకి అప్పజెప్పాడు. అతను ఇంజిన్ ముందు భాగమంతా విప్పి, చైనూ దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ కొత్తవి వేశాడు.

"చప్పుడే లేదురా! కొత్త పెళ్ళికూతురే!" అన్నాడు బ్లాగోయె గ్లాసెత్తి.

"ఇప్పుడింట్లో గోలంతా ఈయన గురకదే" అంది భార్య దెసాంక. అందరూ విరగబడి నవ్వారు.

"క్యాబేజీ చుట్టలు చల్లారిపోతున్నాయి, తినన్నా" అని సినిషా పళ్ళెం జరిపాడు.

"నాకూ చేతులున్నాయిలే" అని వెలిబోర్ సిగరెట్ వంకతో బయటికొచ్చాడు.

వాలు మీద ట్రక్కు ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. ఆ ఊళ్ళో హ్యాండుబ్రేకును నమ్మే పిచ్చోడు లేడు. బండిని గేరులో పెట్టి, వెనక చక్రం కింద రాయి పెడతారు. రాయి జారితే ముప్పే. ఇంజిన్ ఆగాక ఆయిల్ ఒత్తిడి లేక చైను వదులుగా ఉంటుంది. అప్పుడు బండి గేరులో వెనక్కి దొర్లితే ఇంజిన్ ఎదురు తిరిగి, చైను దాని పళ్ళచక్రం మీద ఒక పన్ను తప్పుతుంది. ఆపైన తాళం తిప్పారా, వాల్వులు వంగి ఇంజిన్ గోవిందా. ఊరందరికీ ఈ సంగతి నేర్పింది వెలిబోరే.

కిటికీలోంచి సినిషా నవ్వు వినబడింది. వెలిబోర్ ఆ రాయిని ఫెడీమని తన్నాడు.

బండి అడుగు దూరం వెనక్కి దొర్లి, గేరు పట్టి ఆగింది. లోపల "టక్" మంది. అతను గబగబా రాయి మళ్ళీ చక్రం కిందికి తోసి లోపలికెళ్ళాడు.

అంతలోనే బ్లాగోయె తాళాలు తీసుకుని లేచాడు. "ఫాదరుగార్ని తీసుకొస్తా. పండగ రొట్టె ఆయనే కొయ్యాలిగా."

"తాళం తిప్పకు!" వెలిబోర్ అరిచాడు. "చైను పన్ను తప్పింది."

"బండి స్టార్టే చెయ్యలేదు, నీకెట్టా తెలుసు?"

సినిషా వెళ్ళి ఇంజిన్ పైమూత విప్పి, రెంచీతో ఇంజిన్‌ని మెల్లగా తిప్పి, పళ్ళచక్రాల మీది గుర్తులు కలిశాయో లేదో చూశాడు. తిరిగొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. "నిజమే. ఒక పన్ను తేడా."

"ఓరి నీ చెవులు బంగారం కానూ!" బ్లాగోయె వెలిబోర్‌ని వాటేసుకున్నాడు. "బండి ముట్టకుండానే పట్టేశాడ్రా! రా బావా, నా పక్కన కూర్చో."

సినిషా లేచి కుర్చీ ఖాళీ చేశాడు. "టెన్షనర్ నేనే సరిగ్గా బిగించలేదేమో. నువ్వొకసారి చూసి చెప్పన్నా, నేర్చుకుంటా."

కోరుకున్నదంతా ఒక్కసారే ఒళ్ళో వచ్చి పడింది. వెలిబోర్ కూర్చోలేకపోయాడు.

"నీ పనిలో తప్పేం లేదు. రాయి నేనే తన్నాను."

బ్లాగోయె తాళాలు బల్ల మీద పెట్టి, అతని గ్లాసులో సారా పోశాడు. "పండగపూట ఎవర్నీ పొమ్మనకూడదు. తిను." ఆ గొంతులో బావా అన్న పిలుపు లేదు.

అతనికి చోటివ్వడానికి ఎవరూ జరగలేదు. సినిషా ఒక్కడే బల్ల చివర కాస్త జరిగి, "ఇలా కూర్చోన్నా" అన్నాడు.

వెలిబోర్ కూర్చున్నాడు. అంత తేలిగ్గా జరగడం వాడికెలా చేతనైందా అని, మళ్ళీ కుళ్ళుకున్నాడు.