చావు నిలవని మొగిలయ్య

మా మొగిలయ్యలో లోకం వేలెత్తి చూపగల లోపం ఒక్కటే: చచ్చాక ఊరికే పడి ఉండటం అతనికి చేతకాదు.

ఈ జబ్బు చిన్ననాడే పట్టుకుంది. వరంగల్ మట్టెవాడలో సాలెవాళ్ల పిల్లలతో కలిసి నాటకాలాడేవాళ్లం. వేషం ఏదైనా మొగిలయ్య చివరికి చావాల్సిందే. గుండెలో బాణం దిగాక రాగం తీసి పద్యం పాడి, వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు తూలి, నింపాదిగా ప్రాణం విడిచేవాడు. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్!" అనడం ఆచారం. మొగిలయ్య దాన్ని చావుకు కూడా వర్తింపజేసుకున్నాడు. శవం లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ బాణం గుచ్చుకునేది.

ఒకసారి మాత్రం ఎవరూ "వన్స్ మోర్" అనలేదు. మగ్గం దిగి అప్పుడే వచ్చిన వాళ్లమ్మ పోశవ్వ, కొడుకు కదలకపోవడం చూసి "ఓ నా కొడుకో!" అంటూ వేదికెక్కి గుండెలు బాదుకుంది. శవం ఒక కన్ను తెరిచి, "ఉత్తదేనే అవ్వా, ఏడ్వకు" అంది. మిగతా యుద్ధాన్ని వీరుడు తల్లి పక్కన కూచుని చూశాడు.

పంతొమ్మిదివందల నలభైనాలుగులో మొగిలయ్య కాజీపేటలో రైలెక్కి మద్రాసు వచ్చేశాడు. నేనక్కడ లా చదువుతున్నాను; అంటే నా గదిలో ఇంకో చాపకు చోటుంది. సినిమా స్టూడియోలో మొదటిరోజే మాటలున్న వేషం దొరికింది: "ప్రభూ, శత్రువులు వచ్చుచున్నారు."

మొగిలయ్య పరుగున వచ్చి, "శత్రువులు వస్తాండ్రు ప్రభూ!" అన్నాడు. ప్రభువుతో సహా అందరూ నవ్వారు.

"నైజాం వాడివా? నువ్వు మాట్లాడకు బాబూ, చావు చాలు" అన్నాడు డైరెక్టరు.

చచ్చాడు. పట్టుదలగా చచ్చాడు. కత్తికి, ఈటెకు, ఏనుగుకు చచ్చాడు. ఎప్పుడూ బోర్లానే పడేవాడు. ప్రతిఫలంగా పట్టాభిషేకంలో ఓ జెండా ఇచ్చి తనను నిలబెట్టమని డైరెక్టరును అడిగేవాడు.

"చచ్చినవాడివి పట్టాభిషేకానికెలా వస్తావయ్యా?"

"బోర్ల పడ్డ గద సార్, మొకమెవ్వలు జూశిండ్రు?"

తర్కశాస్త్రం ఓడింది; జెండా దొరికింది.

చివరికి అదృష్టం తలుపు తట్టింది: సేనాపతి వేషం. పాత్రకు పేరుంది, నడుముకు కత్తి ఉంది, చావు క్లోజప్పులో ఉంది.

"వెల్లకిలా పడాలి. కెమెరా నీ ముఖం మీదికొస్తుంది" అన్నాడు డైరెక్టరు.

"మల్ల పట్టాభిషేకంల?"

"సేనాపతి చచ్చాడయ్యా!"

"అయితే నాకద్దు సార్."

రాత్రి గదిలో ఈ సంగతి విని నాకు ఒళ్లు మండింది. "ఆ మొకం తెరమీద పడాలని చిన్నప్పట్నుంచీ ఏడ్చావు కదరా!"

"పడ్తది దోస్తు. నిలవడి పడ్తది."

"నీ అంత మూర్ఖుడు ఉంటాడా?"

"దొరకడు" అని ఒప్పుకుని చాప పరుచుకున్నాడు.

ఆ సినిమా మా వరంగల్ టాకీసుకు వచ్చినప్పుడు నేను సెలవుల్లో ఉన్నాను. పోశవ్వను తీసుకుపోయాను. యుద్ధంలో సైనికులు టపటపా రాలారు. సేనాపతి వేషంలో ఇంకెవరో తెరంతా తన ముఖమే నింపుకుని వెల్లకిలా చచ్చాడు.

"అయ్యో, ఏ తల్లి కన్న బిడ్డనో!" అని పోశవ్వ వెక్కివెక్కి ఏడ్చింది.

చాప మీది మూర్ఖుడు నాకు అప్పుడర్థమయ్యాడు.

పట్టాభిషేకం వచ్చింది. అందరూ గంభీరంగా నిలబడితే, జెండా పట్టిన మొగిలయ్య ఒక్కడే పళ్లన్నీ బయటపెట్టి నేరుగా మా బెంచీ వైపే చూస్తున్నాడు.

"అగో, నా కొడుకు! మంచిగున్నడు!"

"మంచిగనే ఉన్నడవ్వా. అసలు యుద్ధానికే పోలేదు" అన్నాను, లాయరు కాబోయేవాడికి తగిన నిబ్బరంతో.

"పోలేదా? మరి గుర్రం పక్కన బోర్ల పడ్డదెవ్వలు? వాని ఈపు నాకెరుక లేదా బిడ్డా? నేనేడుస్తనని మొకం దాశిండు, పిచ్చోడు. నాకెరుకైందని వానికి జెప్పకు."

ఆ తరువాత పోశవ్వ కళ్లు తుడుచుకుని, బెంచీ మీదికెక్కి, నోటి చుట్టూ రెండు చేతులూ దోనెలా పెట్టి టాకీసు దద్దరిల్లేలా అరిచింది:

"వన్స్ మోర్!"

బొమ్మ తిప్పే మనిషి వినిపించుకోలేదు. మొగిలయ్యే అక్కడుంటే, తప్పక మళ్లీ చచ్చేవాడు.