నర్సమ్మ అనుమానం

బడి నర్సమ్మకి ఉన్న జబ్బు ఒక్కటే, అనుమానం. మనుషుల మీద కాదు, తూకం మిషన్ మీద. సాక్షాత్తూ దేవుడొచ్చి ఎక్కినా, "చెప్పులు విప్పి ఇంకోసారి ఎక్కు స్వామీ" అనే రకం.

ఒక్కో పిల్లని మూడుసార్లు తూస్తుంది, మూడుసార్లు ఎత్తు కొలుస్తుంది. జేబుల్లో గోళీలు బయటపెట్టిస్తుంది, నెత్తిమీద ముడి విప్పిస్తుంది. అదీ పొద్దున్నే. "సాయంత్రానికి మనిషి ఓ సెంటీమీటరు కుంగిపోతాడు" అంటుంది. "నేను పెళ్ళైన రోజునుంచీ కుంగుతూనే ఉన్నాను" అంటాడు వాళ్ళాయన.

అసలు తమాషా రోజూ మొదటి గంటకి ముందు జరిగేది. మిషన్‌కి పరీక్ష! తొమ్మిదిమంది పిల్లల్ని తూచి, ఇంటినుంచి మోసుకొచ్చిన క్యానులోంచి తలా ఓ గ్లాసు పాలు తాగించి, మళ్ళీ తూస్తుంది. ముల్లు సరిగ్గా జరగలేదంటే ఇంకో గ్లాసు. ఆ పైన ఉడికించిన గుడ్డు. "పాలు నీళ్ళలాంటివి. గట్టి పదార్థంతో కూడా చూడొద్దూ?"

ఆరేళ్ళుగా ఆ మిషన్ పాసవ్వలేదు. పరీక్ష చేసే పిల్లలు మాత్రం కలెక్టర్లలా నడిచేవారు. "నన్నూ పెట్టుకో నర్సమ్మా" అని మిగతావాళ్ళు కొంగు పట్టుకుంటే, "ఖాళీల్లేవు నాన్నా" అనేది. అప్పుడప్పుడు ఒకరికి "నీ సేవలు చాలు, ఇక రిటైర్మెంట్" అని అందరిచేతా చప్పట్లు కొట్టించేది.

ఈమధ్యే వచ్చిన హెడ్మాస్టరుకి ఇదంతా వింతగా తోచింది. ముచ్చటపడి కొత్త మిషన్ తెప్పించాడు. అంకెలు వెలిగేది, గ్యారంటీ కాగితంతో సహా.

"ఇక పరీక్షలక్కర్లేదు నర్సమ్మగారూ."

ఆమె మొహం వాడిపోయింది. "కొత్తదాన్ని అసలు నమ్మకూడదు సార్."

"సరే, అయిదో తరగతి నుంచి నలుగురు దిట్టమైన పిల్లల్ని పంపిస్తా. ఒక్కరోజులో తేల్చెయ్యండి."

"వాళ్ళు పనికిరారు సార్. అనుభవం లేదు."

"పాలు తాగడానికి అనుభవమేమిటండీ?"

ఆమె క్యాను కడగడానికి వెళ్ళిపోయింది. ఏమిటీ మొండితనం అనుకుంటూ ఆయన బల్లమీది రిజిస్టరు తెరిచాడు.

పిల్లకో పేజీ. ఏ వయసుకి ఎంత బరువుండాలో చూపించే గీతలు, అన్నిటికంటే కింద ఎర్రగీత. ఆ తొమ్మిదిమంది చుక్కలూ ఎర్రగీతకి కిందే ఉన్నాయి. రిటైరైనవాళ్ళ పేజీలు తిప్పాడు. నెలనెలా చుక్కలు చీమల్లా పైకి పాకి, ఎర్రగీత దాటాయి. దాటినచోట 'రిటైర్మెంట్' అని రాసి ఉంది.

మొదటి పేజీలో ఆరేళ్ళనాటి రాత: "'బక్కోళ్ళ పాలు' అని తోటిపిల్లలు ఏడిపిస్తున్నారట. బక్కపిల్లలు గ్లాసు ముట్టుకోవడంలేదు. వేరే ఉపాయం చూడాలి."

ఆయన రిజిస్టరు ఎలా ఉందో అలాగే మూసి పెట్టేశాడు.

మర్నాడు పొద్దున పిల్లలందరి ముందూ హెడ్మాస్టరే కొత్త మిషన్ ఎక్కాడు. కిందికి చూసి మొహం చిట్లించాడు.

"నర్సమ్మగారూ, దీనిమీద నాకూ అనుమానంగానే ఉంది. నిన్నటికంటే కిలో ఎక్కువ చూపిస్తోంది."

"రాత్రి ఏం తిన్నారు సార్?"

"అది వేరే సంగతి. మీరు పరీక్ష పెట్టండి."

"ఎన్నాళ్ళు సార్?"

"పరీక్ష చేసేవాళ్ళంతా రిటైరయ్యేదాకా."

నర్సమ్మ ఆయనకేసి ఓ క్షణం చూసింది, బల్లమీది రిజిస్టరుకేసి ఓ క్షణం చూసింది. క్యాను మూత తీసింది.

తొమ్మిదిమందిలోకీ చిన్నది, రెండో తరగతి పిల్ల, గ్లాసు ఖాళీ చేసి మిషన్ ఎక్కింది. పాలమీసం తుడుచుకోకుండానే అంకెలకేసి దీర్ఘంగా చూసి పెదవి విరిచింది.

"ఇది కూడా అబద్ధాలే చెప్తోంది సార్. ఇంకో గ్లాసు తాగి చూడనా?"